అందరికీ ఒకే రోజు

షోలాపూరు, జోడ్‌భావి పేట్
1954 జూలై

ద్రౌపదక్కకు,

పెళ్లయి వచ్చినప్పటి నుంచి కార్డు ముక్కలతో సరిపెడుతున్నానని నీకు కోపంగా ఉందట, అమ్మ రాసింది. ఈసారి కవరు తెప్పించాను. చెప్పవలసింది కార్డులో పట్టేది కాదు. అక్కా, నాకు ఉద్యోగం వచ్చింది. మా గల్లీ మొదట్లో ఉన్న తెలుగు బడిలో మూడో తరగతికి నేనే పంతులమ్మను. నువ్వు పట్టుబట్టి నాతో మిడిల్ పరీక్ష రాయించినప్పుడు నిన్ను ఎంత తిట్టుకున్నానో. ఆ తిట్లన్నీ ఈ కవరులో పెట్టి వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక్కడి పిల్లలు నన్ను పంతులమ్మ అనరు. మరాఠీ వాళ్లలాగా ‘బాయి’ అంటారు. అందరూ మన వైపు నుంచి తాతల నాడు వచ్చి మగ్గాలు వేసుకున్న నేతవాళ్ల పిల్లలే. మాట మన మాటే కానీ మధ్యలో మరాఠీ దూరిపోతుంది. మొదటి రోజే ఒకడు లేచి, “బాయి, నా వహీ ఇంట్లనే మర్శిన” అన్నాడు. వహీ అంటే నోటుపుస్తకమట. నేను వాడి మొహంలోకి అయోమయంగా చూస్తుంటే తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. పొద్దున్నే కిటికీలోంచి మగ్గాల చప్పుడు వస్తుంటుంది. ఆ దెబ్బకు తగ్గట్టు ఎక్కాలు చదివిస్తున్నాను. పిల్లలకు అదొక ఆటయింది. నీ మరిది అంబాదాస్ గారు పనిచేసే షెడ్డు బడి పక్కనే. మేము పదమూడో ఎక్కంలో తడబడితే అక్కడ మగ్గం మీద కూర్చుని నవ్వుకుంటారట.

ఇక నిన్ను అడగవలసిన సంగతి. మా తరగతిలో అనసూయ అని ఒక పిల్ల ఉంది. నేను లెక్క బోర్డు మీద రాయడం పూర్తయ్యేలోగా జవాబు చెప్పేస్తుంది. మొన్న హెడ్మాస్టరు సిద్ధరాములు సారు పిల్లల చేతులు చూస్తూ వచ్చి, దాని వేళ్ల సందుల్లో గజ్జి చూశారు. మానేదాకా బడికి రాకూడదన్నారు. ఇంటి దగ్గర దిగబెట్టి రమ్మని నన్నే పంపారు. దారిపొడుగునా ఆ పిల్ల చేతులు పరికిణీ మడతల్లో దాచుకుని నడిచింది.

వాళ్ల అమ్మ యమునాబాయి వరండాలో కూర్చుని బీడీలు చుడుతోంది. నేను చెప్పినదంతా తల ఎత్తకుండా విన్నది. చివరికి, “మా పోరి చేతులే అవుపడ్డయా మీ సార్‌కు?” అని మాత్రం అడిగింది. ఇంకా చాలామందికి ఉంది, నేను చూశాను. సారు చేతులు చూడటానికి వస్తే పక్కవాడి వెనక్కి జరిగిపోతారు.

నువ్వు నర్సువు కదా. దీనికి మంచి మందేదో రాయి. ఆ పిల్లను తొందరగా వెనక్కి తెచ్చుకోవాలి.

నీ చెల్లెలు
శాంత

*

హైదరాబాదు, నర్సుల క్వార్టర్సు
1954 జూలై

పంతులమ్మ అయిన మా శాంతకు,

నీ ఉత్తరం వార్డులోనే చదివాను. పక్కనున్న నర్సులకు కూడా చెప్పాను. మంచి వార్త. అమ్మకు నేను రాస్తాను, నువ్వు రాస్తే మధ్యలో పదమూడో ఎక్కం దూరుతుంది.

గజ్జికి తెల్లటి నీళ్ల మందు ఒకటి ఉంది. మీ మునిసిపాలిటీ దవాఖానాలో అడుగు, ఉండవచ్చు. లేకపోతే గంధకం కలిపిన మలాము. వేడినీళ్లతో ఒళ్లు బాగా రుద్ది స్నానం చేయించి, ఆరాక, మెడ నుంచి అరికాళ్ల దాకా పట్టించాలి. పుండు ఉన్నచోటే రాస్తే లాభం లేదు. మర్నాటి దాకా కడగకూడదు. కట్టుకున్నవి, కప్పుకున్నవి అన్నీ ఉడకబెట్టాలి. వారం తరువాత ఇంకోసారి పట్టించాలి.

అయితే ఒక మాట. ఆ పిల్ల ఒక్కదానికి మందు రాసి బడికి తెచ్చుకుందామనుకుంటున్నావు. అది కుదరదు. గజ్జి మనిషి నుంచి మనిషికి, దుప్పటి నుంచి దుప్పటికి పాకే పురుగు. ఇంట్లో అందరికీ ఒకే రోజు వేయాలి. ఆ ఇంటితో కలిసి మెలిసి ఉండే ఇళ్లకూ అదే రోజు వేయాలి. మీ నేతవాళ్ల వాడలో గోడకు గోడ ఆనుకుని ఇళ్లుంటాయి, పిల్లలు ఎవరింట్లో చీకటి పడితే అక్కడే పడుకుంటారు. అంటే వాడంతా ఒకే రోజు చేస్తే తప్ప ఫలితం ఉండదు. అది జరిగే పని కాదు.

కాబట్టి చేయగలిగింది చెయ్యి, మిగతాది నెత్తికెత్తుకోకు. కొత్త కోడలివి, కొత్త ఉద్యోగం. మీ అత్తగారు గంగుబాయి గారు శుభ్రం విషయంలో ఎంత పట్టుదల మనిషో పెళ్లిలోనే చూశాను. పిల్లల చేతులు పట్టుకున్నాక సబ్బుతో కడుక్కుంటున్నావా? నీ చేతులు ఎలా ఉన్నాయో రాయి.

అక్క

*

షోలాపూరు, జోడ్‌భావి పేట్
1954 ఆగస్టు

ద్రౌపదక్కా,

నువ్వు చెప్పినట్టే అయింది. దవాఖానాలో తెల్ల మందు దొరికింది. అనసూయ ఇంట్లో వాళ్లకు వేయించాను. యమునాబాయి మొదట ఒప్పుకోలేదు గానీ కూతురు ఏడ్చిన ఏడుపుకు ఒప్పుకుంది. పిల్ల పూర్తిగా తేరుకుని బడికి వచ్చింది. ఆ రోజు నేను ఆనందంతో లెక్క తప్పు వేస్తే అదే దిద్దింది. రెండు వారాలు కాలేదు, మళ్లీ వేళ్ల సందుల్లో ఎర్రటి పొక్కులు. సారు మళ్లీ ఇంటికి పంపారు. ఈసారి యమునాబాయి తల ఎత్తి చూసింది. “ఇంట్ల పోయింది. మళ్ల మీ బడిలకెళ్లే వచ్చింది” అన్నది. నిజమే కదా అక్కా.

ఇంకో ఘోరం చెప్తాను. పంపేస్తారనే భయంతో తల్లులు పిల్లలకు పొడుగు చేతుల చొక్కాలు తొడిగి పంపుతున్నారు. పిల్లలు ఒకరి సంగతి ఒకరు చెప్పరు. దాచిన కొద్దీ పాకుతోంది. సారు హుకుం దేన్ని ఆపడానికి పెట్టారో దాన్నే పెంచుతోంది.

తల్లిదండ్రులతో సభ పెడదామని సారును అడిగాను. ఒప్పుకున్నారు, మంచివారే. నోటీసు ఆయనే రాశారు, ‘విద్యార్థుల ఆరోగ్యపరిరక్షణార్థము’ అని మొదలవుతుంది. ఉదయం పదకొండు గంటలకు సభ. గదంతా ఊడ్పించి చాపలు వేయించాను. వచ్చింది ఒకే ఒక్క మనిషి. కొమురయ్య అనే ముసలి నేతగాడు, పిల్లా జెల్లా లేని ఒంటరివాడు. ఏదో పన్ను సంగతి అనుకుని వచ్చాడట. టీ తాగి, “పదకొండింటికి మగ్గం ఇడిశిపెట్టి ఎవడొస్తడు బిడ్డా” అని చెప్పి వెళ్లిపోయాడు. సారు మొహం చూడలేకపోయాను.

కానీ అక్కా, ఆ మాట వినగానే నాకు ఇంకొకటి తోచింది, అప్పటి నుంచి కాలు నిలవడం లేదు. మగ్గం విడిచిపెట్టే రోజు ఒకటి ఉంది. అమావాస్య. ఆ రోజు వాడలో ఒక్క మగ్గమూ ఆడదు. పెంటప్ప గారని నూలుకు రంగులద్దే ఆయన ఉన్నారు. ఆయన కార్ఖానాలో నూలు ఉడకబెట్టే రాగి కాగులు ఉన్నాయి, ఒక్కోదాంట్లో మనిషి నిలబడవచ్చు. అమావాస్య నాడు అవి కూడా ఊరికే ఉంటాయి. ఆ కాగుల్లో వాడ బట్టలన్నీ ఉడకబెడితే? అందరి స్నానాలకూ అక్కడే నీళ్లు కాగితే? నువ్వు జరిగే పని కాదన్నావు. జరిగే పనే అనిపిస్తోంది నాకు.

మందు ఎంత కావాలో, ఎవరు ముందు ఎవరు తరువాత చేయాలో, పాలు తాగే పిల్లలకు ఎలా వేయాలో అన్నీ రాయి.

శాంత

*

హైదరాబాదు
1954 ఆగస్టు

శాంతా,

కాగుల సంగతి చదివి రాత్రి డ్యూటీలో మూడుసార్లు నవ్వుకున్నాను. మా ఆస్పత్రిలో దుప్పట్లు ఉడకబెట్టే డ్రమ్ము కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెడుతున్నాం. నీకు గల్లీలోనే దొరికింది. నిన్న కాదన్న మాట ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. జరిగితే జరగవచ్చు.

పసిపిల్లలకు మందులో సగం నీళ్లు కలిపి వేయాలి. కళ్లకూ నోటికీ తగలనివ్వకు. ఆడవాళ్లకు ఆడవాళ్లే వేయాలి, మరుగు కట్టండి. మందు పట్టించుకున్నాక ఉడికిన బట్టలే కట్టాలి. ముఖ్యమైనది ఇది: ఒక్క ఇల్లు మిగిలినా మళ్లీ మొదటికి వస్తుంది.

నీ చేతుల సంగతి అడిగాను. దానికి తప్ప అన్నిటికీ జవాబు రాశావు. ఉత్తరం చివరి పేజీలో అక్షరాలు చూస్తే వేళ్లు మడవలేక రాసినట్టున్నాయి. నేను నర్సును, శాంతా.

ఇంకొకటి నీకు చెప్పాలి. నేను చిన్నప్పుడు మూడేళ్లు బడి మానేశానని నీకు తెలుసు. ఇంట్లో కండెలు చుట్టడానికి మనిషి కావలసి వచ్చిందని అమ్మ అందరితో చెప్పేది. నువ్వూ అదే విన్నావు. అసలు సంగతి అది కాదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు గజ్జి వచ్చింది. పంతులు నన్ను బడి వాకిట్లో కూర్చోబెట్టాడు. కొన్ని రోజులు వాకిట్లోంచే పాఠం విన్నాను. లోపల పిల్లలు జవాబు తప్పు చెప్తుంటే నాకు తెలిసేది, నా జవాబు ఎవరూ అడగరు. తరువాత వెళ్లనని నేనే మొండికేశాను. నా పరువు కోసం అమ్మ ఆ కండెల మాట పుట్టించింది. ఒళ్లు నెలలో బాగయింది. కానీ మళ్లీ రమ్మని పిలవడానికి బడి నుంచి ఎవరూ రాలేదు. ఆ ఒక్క పిలుపు కోసం మూడేళ్లు చూశాను.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. ఆ అనసూయను ఇంట్లో ఊరికే ఉండనివ్వకు. రోజూ వెళ్లి లెక్కలు ఇచ్చిరా.

అక్క

*

షోలాపూరు, జోడ్‌భావి పేట్
1954 సెప్టెంబరు

అక్కా,

అవును, నాకూ వచ్చింది. నెల రోజులుగా ఉంది. పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను. అత్తమ్మకు తెలిస్తే వంటింట్లోకి రానివ్వదని భయం, సారుకు తెలిస్తే ఉద్యోగం ఉండదని భయం. తల్లులు దాస్తున్నారని నీకు రాసిన రోజే నేనూ దాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. తరువాత లేచి మొహం కడుక్కుని యమునాబాయి ఇంటికి వెళ్లాను. సాయంత్రాలు చుట్టుపక్కల ఆడవాళ్లంతా చాటలు తెచ్చుకుని ఆమె వరండాలోనే బీడీలు చుడతారు. నేను కాగుల సంగతి, మందు సంగతి చెప్పాను. కాగులు ఇవ్వనని పెంటప్ప గారు అప్పటికే అనేశారు. గజ్జి బట్టలు ఉడికిన కాగుల్లో నూలు ఉడికించానని తెలిస్తే షావుకార్లు తన నూలు కొనరని ఆయన భయం. అది కూడా దాచకుండా చెప్పాను. వాళ్లు వింటూ ఆకు కత్తిరిస్తూనే ఉన్నారు. చివరికి ఒకామె, బడివాళ్లకు మేం మురికివాళ్లలా కనిపిస్తున్నామా అని అడిగింది. ఇంకొకామె, మందు వేసుకుంటే మర్నాటి దాకా చేతులు కడగకూడదంటున్నావు, బీడీలు ఎవరు చుడతారు అన్నది. మాట మాట పెరిగింది.

నేను జాకెట్టు చేతులు పైకి మడిచాను. అనుకుని చేసింది కాదు. “మీ పిల్లలకున్నదే నాకున్నది. నేను గూడ దాచుకున్న” అన్నాను. నా నోట కూడా వాళ్ల మాటే వచ్చింది.

యమునాబాయి చాట పక్కన పెట్టింది. నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని వేలు వేలు విడదీసి చూసింది. “ఇది మీ సార్‌కు చూపెట్టినవా?” అని అడిగింది. లేదన్నాను. “అయితే రేపు చూపెట్టు. ఆయన ఏమంటడో ఇనొచ్చి మాకు చెప్పు. అప్పుడు మాట్లాడుతం” అన్నది.

నేను ఇల్లు చేరేలోగా కబురు నాకంటే ముందే చేరింది. అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అయిపోయిందనుకున్నాను. ఆమె నన్ను లోపలికి తీసుకుపోయి తలుపు వేసి, తన మోచేతి పైకి కొంగు జరిపి చూపింది. అక్కా, ఆమెకూ ఉంది. కొత్త కోడలికి తెలిస్తే పుట్టింటికి రాస్తుందని దాచుకుందట. ఇంతలో నీ మరిది వచ్చి, మేమిద్దరం చేతులు పట్టుకుని నిలబడటం చూసి, నడుము దగ్గర ధోవతి కొద్దిగా వదులు చేశారు. ఒకే కప్పు కింద ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం గోక్కుంటున్నాం. నవ్వీ నవ్వీ అత్తమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి.

మర్నాడు సారు ముందు చేతులు చాపాను. ఆయన హుకుం ప్రకారం నేనూ ఇంటికి పోవాలి, మూడో తరగతికి పంతులమ్మ ఉండదు. ఈ తెలుగు బడి ఎందుకని అడిగేవాళ్లు పైన ఉన్నారట. పిల్లల్లో జబ్బని తెలిస్తే మూసేయడానికి ఇంకో సాకు దొరుకుతుందని ఆయన బెంగ. అందరికీ ఒకే రోజు వేస్తే నిజంగా పోతుందా, ఎవరు చెప్పారు అని అడిగారు. మా అక్క నర్సు, ఉత్తరం రాసింది అన్నాను. చదవమన్నారు.

మందుల భాగం చదివాను. తరువాత ఆగాను. ఆయన ఇంకా వింటున్నారు. నీ అనుమతి లేదు, క్షమించు, వాకిలి సంగతి కూడా చదివాను. పిలవడానికి ఎవరూ రాలేదన్న చోట ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. లేచి చెప్పులు వేసుకుని బయటికి నడిచారు. నేను వెనకాలే పరుగెత్తాను. తిన్నగా యమునాబాయి వాకిట్లోకి వెళ్లి నిలబడ్డారు.

“అమ్మా, పిల్లను ఎల్లగొట్టింది నేనే. పిలువొచ్చింది గూడ నేనే” అన్నారు.

యమునాబాయి లోపలి నుంచి పీట తెచ్చి వేసింది.

ఆ రోజు ఆయన బడి నుంచి పంపేసిన పిల్లలందరి ఇళ్లకూ వెళ్లారు. బడి వదిలిపెట్టి వెళ్లారని ఎవరైనా పైకి రాస్తే రాయనీ అన్నారు.

శాంత

*

హైదరాబాదు
1954 సెప్టెంబరు

శాంతా,

నా సంగతి చదివినందుకు కోపం లేదు. నిన్న వార్డులో పని చేస్తూ చేస్తూ ఆ పీట గుర్తొచ్చి ఆగిపోయాను. ఆయనకు నా నమస్కారం చెప్పు.

నేను స్వయంగా రావాలని సెలవు అడిగాను. వానాకాలం జ్వరాలతో మంచాలు చాలడం లేదు, ఇవ్వలేదు. మా డాక్టరమ్మకు మీ అమావాస్య సంగతి చెప్పాను. ఆమె తన చీటీ మీద మందు ఇప్పించింది. సీసాలు గడ్డిలో చుట్టి డబ్బాలో పెట్టాను. మా వార్డులో కాలు బాగయి వెళ్లిన రైల్వే గార్డు ఒకాయన తనతో తెస్తానన్నాడు. అంబాదాస్‌ను స్టేషనుకు పంపు.

అమావాస్య నాడు మందేమిటని పెద్దవాళ్లు అడ్డుపడతారు. మంచి రోజు కోసం ఆగితే పురుగు ఆగదని చెప్పు.

కాగులు ఇంకా రాలేదు కదా. వాటి సంగతి ఏమైందో వెంటనే రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

అక్క

*

షోలాపూరు, జోడ్‌భావి పేట్
1954 సెప్టెంబరు ఆఖరు

అక్కా అక్కా,

అయింది. వాడంతా అయింది. చేతులు కాగిన నీళ్లకు ఎర్రబడి ఉన్నాయి, అయినా ఇవాళే రాయాలి.

కాగులు తెచ్చింది మా అత్తమ్మ. పెంటప్ప గారు ఆమెకు వరసకు తమ్ముడట. నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఆయన షావుకార్ల మాటే మళ్లీ చెప్తూ చెప్తూ మెడ గోక్కున్నారు. “అదేంది పెంటప్పా?” అన్నది అత్తమ్మ. రంగు ఒంటికి పడలేదు అన్నారాయన. “ముప్పయ్యేండ్లు పడ్డ రంగు ఇప్పుడే పడకపాయెనా?” అని కండువా పక్కకు జరిపింది. కాసేపటికి తనంతట తనే, రంగు కాగులు వద్దు, నూలు ఉడికించేవి తీసుకోండి, తరువాత సోడా వేసి నేనే తోమిస్తాను అన్నారు. ఆ సాయంత్రమే షావుకార్ల దగ్గరికి వెళ్లి సంగతంతా ముందే చెప్పేశారు. తెలిస్తే కదా భయం, చెప్తే ఏముంది అన్నారు. ఒక షావుకారైతే తన ఇంటివాళ్లకు మందు దొరుకుతుందా అని మెల్లిగా అడిగాడట.

బీడీల చిక్కు యమునాబాయి తీర్చింది. ఆడవాళ్లంతా ముందు నాలుగు రోజులు కలిసి కూర్చుని ఎక్కువ చుట్టి పెట్టుకున్నారు. తరువాత ఆమే ఇంకో చిక్కు తెచ్చింది. “ఉన్నయన్ని కాగుల ఏస్తే మేం ఏం కట్టుకోవాలె?” అన్నది. నాకు ఇది తట్టనే లేదు. నీ మరిది దానికి దారి చూపారు. నేతలో తప్పు పడి షావుకారు తిప్పి పంపిన చద్దర్లు వాళ్ల షెడ్డులో గుట్టగా పడి ఉన్నాయి. కొత్తవి, ఎవరూ కప్పుకోనివి. యజమానిని అడిగి తెచ్చారు. వాడలో పిల్లలంతా నెమళ్లూ పువ్వులూ ఉన్న చద్దర్లు చుట్టుకుని తిరిగారు. నెమలికి తోక లేని చద్దరు అనసూయకు వచ్చింది.

చీకటి ఉండగానే పెంటప్ప గారు పొయ్యిలు రాజేశారు. ఇల్లిల్లూ మూటలు మోసుకొచ్చింది. ఎవరి మూట ఎవరిదో కలవకుండా ఆయన ఒక్కో ఇంటికి ఒక్కో రంగు నూలు పోగు ఇచ్చి కట్టించారు. మగవాళ్లకు కార్ఖానా వెనక, ఆడవాళ్లకు బడి వెనక తడికలు. లోపల అత్తమ్మా యమునాబాయీ మందు వేస్తున్నారు. బయట సిద్ధరాములు సారు కుర్చీ వేసుకుని ఎవరికి అయిందో ఎవరికి కాలేదో పేరు పేరునా పిలుస్తున్నారు. దవాఖానా డాక్టరు గారు కూడా వచ్చారు. మరాఠాయన. కాగుల చుట్టూ తిరిగి చూసి, నేనూ చొక్కా విప్పాలా అని మరాఠీలో అడిగి అందరినీ నవ్వించారు.

మధ్యాహ్నానికి ఒకే ఇల్లు మిగిలింది. కొమురయ్య తలుపు తీయడు. నాకు గజ్జి లేదు పొండి అని లోపలి నుంచే అంటున్నాడు. ఒక్క ఇల్లు మిగిలినా అన్న నీ మాట నాకు చెవుల్లో మోగుతోంది. సారు వెళ్లారు, పెంటప్ప గారు వెళ్లారు, తీయలేదు. చివరికి నీ మరిది తలుపు దగ్గర కూర్చుని నెమ్మదిగా అడిగారు. చాలాసేపటికి లోపలి నుంచి, “నా ఈపుకు ఎవలు పెడ్తరు అంబాదాస్? నాకెవలున్నరు?” అని వినిపించింది. భార్య పోయాక అతని ఒంటి మీద చెయ్యి వేసినవాళ్లు లేరట, అక్కా. అంత మందిలో ఎవరి ముందు చొక్కా విప్పాలో తెలియక తలుపు వేసుకున్నాడు. నీ మరిది లోపలికి వెళ్లి, నీళ్లు తెప్పించి, తనే వీపు రుద్ది స్నానం చేయించి, మందు పట్టించి బయటికి తీసుకొచ్చారు. ఆ మనిషిని నేను పెళ్లి చేసుకున్నానని ఆ క్షణంలో ఎంత గర్వపడ్డానో నీకు తప్ప ఎవరికి చెప్పుకోను.

అప్పుడు వాన మొదలైంది. ఉడికిన బట్టలన్నీ తాళ్ల మీద ఉన్నాయి. తడిస్తే రాత్రికి కట్టుకోవడానికి పొడిబట్ట ఉండదు. అందరం అరుచుకుంటూ పరుగెత్తుతుంటే సారు తాళంచెవుల గుత్తి తీసి బడి గదులన్నీ తెరిచారు. నేతగాళ్లకు తాళ్లు కట్టడం ఒకరు చెప్పాలా? చూస్తుండగానే గోడ నుంచి గోడకు, కిటికీ నుంచి కిటికీకి కట్టేశారు. నా మూడో తరగతిలో బోర్డు కనిపించకుండా చీరలు. సారు గదిలో ఆయన కుర్చీ మీదుగా చిన్నపిల్లల లాగులు. తల్లులు మొదటిసారి ఆ గదుల్లోకి వచ్చారు, తమ పిల్ల ఎక్కడ కూర్చుంటుందో చూపించమని అడిగారు. ఒకామె తన కొడుకు చోటులో కూర్చుని చూసింది, ఇక్కడి నుంచి బోర్డు సరిగా కనబడటం లేదన్నది. సారు అప్పటికప్పుడే వాడి చోటు మార్చారు.

శాంత

*

హైదరాబాదు
1954 అక్టోబరు

శాంతా,

నీ ఉత్తరం మా మెస్సులో అందరికీ చదివి వినిపించాను. రెండుసార్లు చదివించారు. మా డాక్టరమ్మ, ఈ సంగతి శిక్షణకు వచ్చిన నర్సు పిల్లలకు చెప్పాలని నన్ను వాళ్ల క్లాసులో నిలబెట్టింది. నేను, క్లాసులో, బోర్డు ముందు. ఆపకుండా చెప్పాను.

ఆస్పత్రి వెనక పాకీ పనివాళ్ల ఇళ్లున్నాయి. వాళ్ల పిల్లల చేతులు ఇన్నేళ్లూ చూస్తూనే నడిచిపోయాను. నిన్న వెళ్లి అక్కడి ఆడవాళ్లతో కూర్చున్నాను. మందు సంగతి నేను ఎత్తలేదు, ముందు వాళ్లు చెప్పేది విన్నాను. నీ దగ్గర నేర్చుకున్నదే.

రెండో విడత మరవకండి. తరువాత ఎవరికైనా తిరగబెట్టిందా?

అక్క

*

షోలాపూరు, జోడ్‌భావి పేట్
1954 డిసెంబరు

ద్రౌపదక్కా,

నువ్వు బోర్డు ముందు నిలబడ్డావని చదివి అత్తమ్మ ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చింది. 

రెండో విడత కూడా అందరం కలిసే వేసుకున్నాం. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి, ఈసారి అడగకుండానే రాస్తున్నాను. ఒక్క ఇంట్లో తిరగబెట్టింది. కానీ విను. ఆ తల్లి పొక్కులు కనబడ్డ పొద్దుటే పిల్లవాడిని చెయ్యి పట్టుకుని సారు దగ్గరికి తీసుకొచ్చి, మళ్లీ వచ్చింది చూడండి అన్నది. దాచలేదు. సారు వాడిని ఇంటికి పంపలేదు. సాయంత్రానికి ఆ ఇంటికీ చుట్టుపక్కల ఇళ్లకూ మందు పడింది, అంతటితో ఆగిపోయింది. నాకు అమావాస్య రోజు కంటే ఆ పొద్దుటి సంగతే ఎక్కువ సంతోషంగా ఉంది.

పై నుంచి తనిఖీకి వచ్చారు. సారు రాత్రంతా కంగారు పడ్డారు. వచ్చినాయన పిల్లల చేతులు చూశాడు, హాజరు చూశాడు. ఇంతమంది రోజూ వస్తున్నారా అని అడిగాడు. సారు జవాబు చెప్పేలోగా బయట నిలబడ్డ తల్లులే చెప్పారు, తెలుగులో కొంత, మరాఠీలో కొంత. ఆయన రాసుకుని వెళ్లాడు. బడి మూసే మాట ఇంక ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ప్రతి అమావాస్యకూ బడిలో కూర్చుంటున్నాం. నేతగాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, మేము. ఏం మాట్లాడాలో వాళ్లే తెస్తారు. కొమురయ్య అందరికంటే ముందు వచ్చి చాపలు పరుస్తాడు. పిల్లలకు మధ్యాహ్నం చెట్నీ రొట్టె కాకుండా ఇంకేదైనా పెట్టాలని క్రితం నెల మాట వచ్చింది. వంతులు వేసుకున్నారు, రోజుకో ఇల్లు పప్పు వండి పంపుతోంది. సారు రుచి చూసి ఉప్పు సంగతి చెప్తారు, వాళ్లు వినరు.

ఈసారి యమునాబాయి ఇంకో సంగతి తెచ్చింది. అది నీకు నేను రాస్తానంటే, నువ్వు రాస్తే నీ మాటలైపోతాయి, నా మాటలే పోవాలని పట్టుబట్టింది. అందుకని కింది భాగం నాది కాదు.

శాంత

ద్రౌపది సిస్టర్ గారికి యమునాబాయి చెప్పేది. మీ మందు మంచిగ పనిజేసింది. ఇప్పుడు ఇంకొకటి అడుగుతున్న. మేం ఇంట్ల తంబాకు పెట్టుకొని బీడీలు జేస్తం. పిల్లలు గా పక్కనే పంటరు. మా చిన్నోడు రాత్రంత దగ్గుతడు. ఇంకా శానమంది పిల్లలు దగ్గుతున్నరని అందరం కూసోని మాట్లాడితే తెలిసింది. ఇది తంబాకుతోనేనా, వేరేనా. తంబాకు ఇంట్ల వద్దంటే యాడ పెట్టాలె. బడిల ఒక రూం ఇస్తనని సార్ అంటుండు. పెంటప్ప షెడ్డు ఇస్తనంటుండు. ఏది మంచిదో మీరు చెప్పాలె. వచ్చే అమావాస్యకు అందరం కూసుంటం, గంతలోపల్నే రాయుండ్రి.

ఇది రాసింది అనసూయ, మూడో తరగతి. మా అమ్మ చెప్పింది చెప్పినట్టె రాసిన. బాయి తప్పులు దిద్దుతనన్నది. నేనే వద్దన్న.